విడదీయకపోవడం కూడా వైద్యమే

మెహదీపట్నంలో ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆరాంఘర్ మీదుగా శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి వెళ్ళేవాళ్ళకి ఆసుపత్రుల హోర్డింగులు కొత్తేం కాదు. అరుదైన ఆపరేషన్ విజయవంతం, చేతులు కట్టుకుని నిలబడ్డ డాక్టర్లు. ఆన్‌సైట్‌కి వెళ్ళే మనమూ, వైద్యం కోసం పరాయి దేశం నుంచి ఇక్కడ దిగేవాళ్ళూ అవే చూస్తాం. తప్పేం లేదు, విజయం చెప్పుకోవాల్సిందే. కానీ బాగా ఆలోచించి "వద్దు" అనుకున్న ఆపరేషన్‌కి ఎవరూ హోర్డింగ్ పెట్టరు కదా!

నేను చెప్పేది వీణా-వాణిల గురించి. 2003 అక్టోబరులో ఉమ్మడి వరంగల్ జిల్లా దంపతులకి తలలు అతుక్కుని పుట్టారు. చిన్నతనంలో చాలాభాగం నిలోఫర్ ఆసుపత్రిలోనే గడిచింది. ఏటా పుట్టినరోజు రాగానే పేపర్లలోనూ టీవీల్లోనూ ఒకటే ప్రశ్న: ఎప్పుడు విడదీస్తారు?

అసలు చిక్కేంటో మన భాషలో చెప్పుకుందాం. ఇలాంటి కవలల్లో చాలామందికి మెదళ్ళు రెండున్నా, వాటినుంచి రక్తాన్ని వెనక్కి తీసుకెళ్ళే పెద్ద సిరలు ఉమ్మడిగా ఉంటాయి. రెండు అప్లికేషన్లు, ఒకటే డేటాబేస్. సిస్టమ్ ఆపకుండా విడదియ్యాలి. బ్యాకప్ లేదు, రోల్‌బ్యాక్ లేదు. సిర ఒకరికిస్తే రెండోవాళ్ళ మెదడులో రక్తం నిలిచిపోతుంది. అందుకే ఈ మధ్య దశలవారీగా చేస్తున్నారు, మధ్యలో శరీరం కొత్త దారులు వెతుక్కోడానికి టైమిచ్చి. పసివయసులో అయితే అది కాస్త తేలిక. వయసు పెరిగేకొద్దీ కష్టం.

వీణా-వాణి పుట్టిన ఏడాదే, 2003 జులైలో, సింగపూర్‌లో 29 ఏళ్ళ ఇరాన్ అక్కాచెల్లెళ్ళు కోరి మరీ ఈ ఆపరేషన్ చేయించుకున్నారు. ఇద్దరూ దక్కలేదు. 2017లో ఢిల్లీ ఎయిమ్స్ ఒడిశా పిల్లల్ని విడదీసింది, దేశమంతా చప్పట్లు కొట్టింది. 2020 నవంబరులో వాళ్ళలో ఒకడు చనిపోయినప్పుడు ఎంతమందిమి చదివాం? లండన్‌లో పాకిస్తాన్ పాపలకి 3 పెద్ద ఆపరేషన్లు, 50 గంటల పైన పట్టింది. 2019లో విజయవంతంగా వేరుచేశారు. అంటే అసాధ్యమేం కాదు, ప్రతి కేసూ వేరు.. అంతే.

ఆ లండన్ ఆసుపత్రి డాక్టర్లే 2015 ఫిబ్రవరిలో హైదరాబాద్ వచ్చి వీణా-వాణిలని చూశారు. దశలవారీగా చెయ్యొచ్చన్నారు. ఎయిమ్స్ వాళ్ళు ప్రాణాపాయమన్నారు. చివరికి ఆపరేషన్ జరగలేదు.

దీన్ని చాలామంది మన చేతగానితనం అంటారు. నేనొప్పుకోను. స్కానింగులన్నీ చూసి, లాభం ఇంత, ప్రమాదం ఇంత అని లెక్కేసి ఆగడం కూడా రోగ నిర్ధారణలో భాగమే. సర్జన్‌కి కత్తి పట్టడం కన్నా పక్కన పెట్టడానికే ఎక్కువ ధైర్యం కావాలేమో. చిన్నప్పుడే చేసుంటే బావుండేదనే వాదన ఉంది, అందులో కొంత నిజం కూడా ఉంది. కానీ ఓడితే పోయేది మన పరువు కాదు, ఇద్దరు ఆడపిల్లల ప్రాణాలు.

ఈలోగా వాళ్ళేం చేశారు? 2017లో యూసుఫ్‌గూడ స్టేట్ హోమ్‌కి మారారు. 2020లో పదో తరగతి మంచి గ్రేడ్లతో పాసయ్యారు. పరీక్షకి ఇద్దరికీ వేర్వేరు హాల్ టికెట్లు! 2022లో ఇంటర్ ఫస్ట్ క్లాస్.

నన్నడిగితే ఈ మొత్తం కథలో మన వ్యవస్థ చేసిన గొప్ప పని ఆ రెండు హాల్ టికెట్లే. కత్తితో పనిలేకుండా వాళ్ళిద్దరూ ఇద్దరు మనుషులని ఒప్పుకుంది. విడదీస్తారా లేదా అన్నది వాళ్ళూ డాక్టర్లూ తేల్చుకోవాల్సిన విషయం. మనల్ని అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. రేపు ఇలాంటి ఇద్దరు డిగ్రీలు పట్టుకుని మన హైటెక్ సిటీ ఆఫీసుకి ఇంటర్వ్యూకి వస్తే, మన హెచ్ఆర్ రెండు ఆఫర్ లెటర్లు ఇస్తుందా, ఒకటే ఇస్తుందా?

మీ ఆఫీసులో ఒకసారి అడిగి చూడండి.