తూము తలుపు ఎవరి చేతిలో ఉండాలి?

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. కాని నీరు పల్లమెరుగునే గాని న్యాయమెరుగదు. న్యాయం మనిషి ఏర్పరచుకోవలసినది. అగళి, మడకశిర, హిందూపురం ప్రాంతాల వంటి కరవు సీమలో పుట్టి పెరిగిన వారికి ఈ మాట ఒకరు బోధించవలసిన పని లేదు. పై చెరువు నిండి అలుగు పారితేనే కింది చెరువుకు నీరు వస్తుంది. చెరువు నిండినా, తూము దగ్గరి మడికీ ఆయకట్టు చివరి మడికీ నీరు సమంగా అందాలంటే నీరుగంటి ఉండవలసిందే. ఎవరికి వారు తూము తెరచుకొనే ఊరిలో చెరువు ఎంత పెద్దదైనా చివరి మడి ఎండక తప్పదు.

ఈ చెరువుల మాటను కంప్యూటర్ల ప్రస్తావనలోకి తేవడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని నేటి విద్యాలోకంలో కొత్త రకం చెరువులు వెలసినవి. భారత ప్రభుత్వం 2015లో జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్‌ను ఆరంభించింది. దాని ఫలితంగా బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 2022లో పరమ్ ప్రవేగ నెలకొన్నది. హైదరాబాదు ఐఐటీలో పరమ్ సేవ ఉన్నది. హిందూపురంలో రైలెక్కితే కొద్ది గంటలలో చేరగల బెంగుళూరులోనే అంతటి యంత్రం ఉన్నదంటే, రేపు మన విద్యార్థులలో కొందరైనా దాని ముందు కూర్చుంటారని ఆశించడం అత్యాశ కాదు. అటువంటి యంత్రాన్ని ఒక్కరు వాడరు. వందలమంది ఏకకాలంలో వాడుతారు. వారందరి ఫైళ్ళూ ఉమ్మడి నిల్వలోనే చేరుతవి. ఆ నిల్వ మీద ఎవరికెంత అధికారం ఉండాలన్నదే మా ప్రశ్న.

ఇటువంటి పెద్ద నిల్వలకు తరచు అంతస్తులు ఉంటవి. పై అంతస్తు ఫ్లాష్: మిక్కిలి వేగం, మిక్కిలి ఖరీదు, అందుచేత కొద్దిపాటి స్థలం. నడిమి అంతస్తు తిరిగే డిస్కులు. అడుగున టేపులు: వేగం తక్కువ, స్థలం విస్తారం. ఒక్కొక్క అంతస్తులోనూ డిస్కుల గుంపులు అనేకం. సూపర్ కంప్యూటర్లలో విరివిగా వాడే లస్టర్ అనే వ్యవస్థలో ఒక ఫైలును ముక్కలు చేసి ఎన్ని గుంపుల మీద పరచవలెనో, ఒక్కొక్క ముక్క ఎంత ఉండవలెనో, ఏ గుంపుతో ఆరంభించవలెనో సాధారణ వాడుకరియే ఒక్క ఆజ్ఞతో నిర్ణయించుకోవచ్చు. ఇదే ఫైలు అమరిక. ఐబీఎం వారి జీపీఎఫ్ఎస్‌లో పద్ధతి వేరు. అక్కడ ఏ ఫైలు ఏ అంతస్తుకు పోవలెనో నిర్వాహకుడు వ్రాసిన నియమాలే నిర్ణయిస్తవి.

స్వేచ్ఛ మంచిదే కదా, దానికి అడ్డు ఎందుకని అడుగవచ్చు. రెండు ఉదాహరణలు చాలును. ఒక విద్యార్థి లక్ష చిన్న ఫైళ్ళు సృష్టించినాడనుకొందాము. "ఎక్కువ గుంపులైతే ఎక్కువ వేగం" అని ఎవరో చెప్పగా విని, ఒక్కొక్క దానిని వంద గుంపుల మీద పరచుమని ఆజ్ఞాపించినాడు. ఫైలులో ఉన్నది పది కిలోబైట్లే. అవి మొదటి గుంపులోనే ఇమిడిపోతవి. కాని మిగిలిన తొంబది తొమ్మిదింటిలోనూ దాని పేర చోటు తెరవవలె. ఫైలు పరిమాణం అడిగినప్పుడెల్లా వాటినన్నిటినీ పలుకరించవలె. అతని పని నత్తనడక నడుస్తుంది, ఇరుగుపొరుగు వారి పనీ దానితోపాటు కుంటుపడుతుంది.

రెండవవాడు ఇందుకు విరుద్ధం. టెరాబైటు ఫైలును ఒకే గుంపు మీద పెట్టినాడు. అదీ ఏరికోరి ఒకటవ గుంపునే ఎంచుకొన్నాడు. అతనిని చూచి పదిమంది అట్లే చేసినారు. ఆ గుంపు నిండిపోయింది. అంతట ఏ పాపమూ ఎరుగని మరొక విద్యార్థి ఫైలు అదే గుంపులో పెరుగుతూ ఉండి, "చోటు లేదు" అన్న సమాధానంతో నడుమనే ఆగిపోయింది. మొత్తం నిల్వలో సగం ఖాళీగా ఉన్నా అతనికి ప్రయోజనం లేదు. చెరువు నిండుగా ఉండగా చివరి మడి ఎండడమంటే ఇదే. మూడు దినాలు నడిచిన లెక్క ఆగితే ధనవంతమైన ప్రయోగశాల మరల నడుపుకొనగలదు. కేటాయించిన గంటలు కొద్దిగా ఉన్న చిన్న ఊరి విద్యార్థికి ఆ అవకాశం లేదు. నష్టం ఎప్పుడూ బలహీనుని వాకిటనే వచ్చి నిలుస్తుంది.

ఇక ఫ్లాష్ అంతస్తు సంగతి. నా ఫైళ్ళన్నీ ఎల్లప్పుడూ అక్కడనే ఉండవలెనని ప్రతివాడూ కోరుకోవడం సహజం. కోరిక తీర్చుకొనే ఆజ్ఞ కూడా చేతిలో ఉంటే, ముందు వచ్చినవాడు దానిని ఆక్రమిస్తాడు, తరువాతి వాడు అడుగున పడతాడు.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు వేయించిన ఆ సంస్కృత శాసనం మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను పేర్కొన్నది. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం ఆ దోషాలలో ఒకటి. పెత్తనం ఎవరిదో తేలని చోట నీరు నిలిచినా న్యాయం నిలవదని ఆ పెద్దల భావమని మేము అర్థం చేసికొంటున్నాము. వాడుకరి, నిర్వాహకుడు ఇద్దరూ ఆజ్ఞలు జారీ చేసే నిల్వ సరిగా అటువంటి పొలిమేర చెరువే.

కనుక ఉమ్మడి నిల్వలో ఫైలు అమరికపై వాడుకరి అధికారాన్ని పరిమితం చేయవలసిందేనని మా అభిప్రాయం. అయితే ఎదుటి పక్షపు వాదంలో బలం లేకపోలేదు. వేయి ప్రాసెసర్లు ఒకే మహా ఫైలులో ఒక్కసారిగా వ్రాసే వాతావరణ గణనకు విశాలమైన అమరిక అవసరం. ఆ అవసరం ఆ శాస్త్రజ్ఞునికి తెలిసినంతగా నిర్వాహకునికి తెలియదు. తన మడి ఎంత నీరు త్రాగుతుందో రైతుకే కదా ఎరుక! మన రాష్ట్రంలో 1997 నాటి చట్టం నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచినది కూడా ఈ సత్యాన్ని గుర్తించియే.

అందుచేత పరిమితికి కొన్ని షరతులు ఉండవలె. మొదటిది, సహజంగా లభించే అమరిక మంచిదై ఉండవలె. 2017లో వచ్చిన లస్టర్ 2.10లో ఫైలు చిన్నదిగా ఉన్నప్పుడు ఒక గుంపులోనూ, పెరిగిన కొద్దీ మరిన్ని గుంపులలోనూ దానంతట అదే విస్తరించే అమరిక ఉన్నది. దానిని ఏర్పాటు చేస్తే నూటికి తొంబదిమందికి వేరొక ఆజ్ఞతో పనియే ఉండదు. రెండవది, అంతస్తుకొక వాటా నిర్ణయించవలె. 2021 నాటి 2.14 నుండి గుంపుల సముదాయానికి ఒక్కొక్క కోటా విధించే వీలు కలిగినది. కోటా ఉన్నచోట ఆజ్ఞను పూర్తిగా లాగివేయవలసిన అగత్యం తగ్గుతుంది. మూడవది, ప్రత్యేక అవసరం ఉన్నవాడు కారణం చూపి అడిగితే గడువు విధించి అనుమతి ఇవ్వవలె. ఆ అనుమతి పలుకుబడిని బట్టి కాక పనిని బట్టి ఉండవలె. నాలుగవది, నిర్వాహకుడు తన నియమాలను అందరికీ తెలియునట్లు ప్రకటించి, తానూ వాటికి కట్టుబడి ఉండవలె.

ఈ నాలుగవ షరతే మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచుచున్నది. ఉర్దూలో అమానత్ అనే చక్కని మాట ఉన్నది. నమ్మి మన చేతిలో ఉంచిన సొత్తు అని దాని అర్థం. వక్ఫు ఆస్తికి ముతవల్లీ యజమాని కాడు. దాత సంకల్పించిన ప్రయోజనానికి దానిని నిర్వహించే బాధ్యుడు మాత్రమే. అనుభవించే వారికి దానిని పంచుకొని పోయే హక్కు లేనట్లే, ముతవల్లీకి దానిని తన ఇష్టానుసారం నడిపే హక్కూ లేదు. ప్రజాధనంతో నిర్మించిన నిల్వ కూడా అమానతే. నీరుగంటి తన బంధువు పొలానికి రాత్రివేళ తూము తెరిస్తే, ఎవరికి వారు తెరచుకొనే ఊరికీ ఆ ఊరికీ భేదమేమున్నది?

తూము తలుపు ఒక్కరి చేతిలోనే ఉండవలె. ఆ చేయి మాత్రం అందరికీ కనిపించుచుండవలె. రేపు ఈ కళాశాల వాకిలి దాటి ఏ మహానగరంలోనో ఉమ్మడి యంత్రం ముందు కూర్చొనే మన విద్యార్థులు ఒక్క ఆజ్ఞ ఇచ్చే ముందు, ఆయకట్టు చివర ఎవరి మడి ఉన్నదో ఒక్క క్షణం తలచుకొందురు గాక!