గేరు వేస్తే బర్రుమంటోందా?

వంటల పేజీల పక్కన ఈ కారు గొడవేమిటని మూతి విరవకండి. పిల్లల్ని ట్యూషన్‌కు దింపడం, అత్తగారిని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం... స్టీరింగు మన చేతికొచ్చి చాలా కాలమైంది. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు ఇళ్లలో అయితే ఈ సంగతి మరీ అవసరం. పాల్వంచ దాటాక దారిలో చాలా మేర అడవే. ముందు బొగ్గు లారీయో, సారపాక కాగితపు మిల్లుకు కర్ర తీసుకెళ్లే లారీయో ఉందంటే నిమిషానికోసారి గేరు మార్చాల్సిందే. అలాంటి చోట గేరు బర్రుమంటే గుండె ఝల్లుమనదూ!

అసలీ చప్పుడెందుకొస్తుంది? మిక్సీ తిరుగుతుండగా పైన జారు పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి (పెట్టి మాత్రం చూడకండి). కిందది తిరుగుతోంది, పైది ఆగి ఉంది, పళ్లు కొట్టుకుంటాయి. గేర్ బాక్సులోనూ అదే కథ. క్లచ్ తొక్కితే ఇంజనుకూ గేర్లకూ లంకె తెగుతుంది. అప్పుడు లోపలున్న ఇత్తడి రింగు ఒరుసుకుంటూ రెండు వైపుల వేగాన్నీ సమానం చేస్తుంది. దాన్నే మెకానిక్కులు సింక్రో రింగు అంటారు. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లలో ఈ ఏర్పాటు వచ్చింది. అంతకుముందు డ్రైవర్లు ఒక్క గేరుకు రెండుసార్లు క్లచ్ తొక్కేవారట! మన పాత అంబాసిడర్‌లో మొదటి గేరుకు ఈ రింగు ఉండేది కాదు. ఇప్పటికీ చాలా కార్లలో రివర్సుకు ఉండదు. కాబట్టి కారు పూర్తిగా ఆగకుండా రివర్సు వేస్తే అది అరవక ఏం చేస్తుంది చెప్పండి?

అంటే అనుమానితులు ఇద్దరే. క్లచ్ పూర్తిగా విడకపోవడం ఒకటి, రింగు అరగడం రెండోది. మొదటిది చవక, రెండోది ఖరీదు. మెకానిక్ దగ్గరికి వెళ్లేలోపే ఏదో తేల్చుకుంటే సగం డబ్బు మిగిలినట్టే.

ముందు కాళ్ల కింద చూడండి. క్లచ్ పెడల్ కింద మ్యాటు ముడుచుకుపోయి ఉంటుంది, లేదా సీటు బాగా వెనక్కి ఉండి కాలు అడుగుదాకా అందదు. మావారు నడిపి దిగాక సీటు సర్దుకోకుండా కూర్చునే అలవాటు మనలో ఎంతమందికి లేదు! పెడల్ ముప్పావు వంతే నొక్కితే క్లచ్ ముప్పావు వంతే విడుతుంది.

అది సరిగ్గానే ఉంటే చదునైన చోట హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆపి, క్లచ్ తొక్కి గేర్లన్నీ ఒకసారి మార్చి చూడండి. మెత్తగా పడుతున్నాయా? ఇప్పుడు ఇంజను స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కిపట్టి, నిదానంగా అయిదు లెక్కపెట్టి రివర్సు వెయ్యండి. అప్పటికీ బర్రుమంటే క్లచ్ విడటం లేదన్నమాట. అలా కాకుండా నడుస్తున్నప్పుడు రెండో గేరో, మూడో గేరో ఒక్కటే అరుస్తూ, మిగతావి పెరుగన్నంలా మెత్తగా పడుతుంటే ఆ గేరు రింగు అరిగినట్టే అనుకోవచ్చు.

క్లచ్ అని తేలితే భయపడకండి. కేబుల్ ఉన్న బండి అయితే తీగ సాగి ఉంటుంది, బిగిస్తే చాలు. నూనెతో పనిచేసేదైతే బానెట్ ఎత్తి డబ్బా చూడండి. చాలా కార్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ఒకటే డబ్బా. నూనె తగ్గుతోందంటే ఎక్కడో కారుతోంది. అది బ్రేకు సంగతి కూడా కనుక రేపు చూద్దాంలే అనకండి. ఆ నూనె పెయింటు మీద పడితే రంగు లేచిపోతుంది, పొయ్యడం మెకానిక్‌కే వదిలెయ్యండి.

గేర్ బాక్సుకూ తనదైన నూనె ఉంటుంది. అది తగ్గినా, పాతబడినా గేర్లు మొరాయిస్తాయి. ఏదో ఒకటి పోసేస్తే సరిపోదు. కొన్ని నూనెల్లోని మందులు ఇత్తడి రింగుల్నే తినేస్తాయి. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఏది రాస్తే అదే పోయించండి.

గోదావరి ఒడ్డున ఉండేవాళ్లకు ఇంకో ముచ్చట. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీరు 71.3 అడుగులకు చేరింది. 1986లో 75.6 అడుగులు వచ్చిన తర్వాత అంత వరద అదే. వరద నీళ్లలో నిలిచిన కారును బయట కడిగించి ఊరుకుంటే కాదు. గేర్ బాక్సులోకి నీరు చేరితే నూనె పాలు కలిపిన కాఫీలా మారుతుంది, పళ్లూ బేరింగులూ తుప్పుపడతాయి. కొన్ని రోజులు కదలకుండా ఉన్న కారులో తుప్పుకి క్లచ్ ప్లేటు అతుక్కుపోతుంది కూడా. అప్పుడు కాలు ఎంత నొక్కినా గేరు అరుస్తుంది. వరద తగ్గాక స్టార్ట్ చేసే ముందే నూనెలన్నీ చూపించండి. కొనబోయే పాత బండికైనా ఈ పరీక్ష చేయించండి.

షెడ్డులో "గేర్ బాక్సు దింపాలమ్మా" అని మొదటి మాటే అంటే తలూపకండి. "కేబుల్ చూశావా బాబూ? నూనె చూశావా? ఇంజను ఆపితే గేర్లు మెత్తగా పడుతున్నాయి కదా?" అని అడగండి. క్లచ్ ప్లేటు మార్చాల్సి వస్తే ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు కూడా అప్పుడే మార్పించడం నయం, ఎందుకంటే గేర్ బాక్సు దింపే కూలి ఒకటే. తీసిన పాత సామాన్లు మీ చేతికి ఇమ్మనండి.

చప్పుడు మొదలయ్యాక చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కే ప్రయాణం మాత్రం పెట్టుకోకండి. దిగేటప్పుడు మూడు నుంచి రెండుకు మార్చబోతే పడకపోవచ్చు. బండి న్యూట్రల్లో జారుతుంటే ఇంజను పట్టు ఉండదు, బరువంతా బ్రేకుల మీదే పడి అవి కాలిపోతాయి. ఒకవేళ అలా ఇరుక్కుంటే గేరును బలవంతంగా తొయ్యకండి. బ్రేకు గట్టిగా, ఒకే తడవగా వేసి పక్కకు ఆపండి. హ్యాండ్ బ్రేకు లాగండి, చక్రాల కింద రాళ్లు పెట్టించండి. కారు ఆగాక మొదటి గేరు వేసుకుని, అదే గేరులో నెమ్మదిగా కిందికి దిగండి.