నలుగురి కొరకు చేయు ఖర్చు

పొదుపును గూర్చి ఉపన్యసించువారికి మన సమాజమున కొదువ లేదు. పొదుపు చేయువారికే కొదువ. ఈ నడుమ చదువుకొన్న మన యువకులు కొందరు "తక్కువ వస్తువులతో బ్రతుకుట" యను మాటను ఒక నూతన సిద్ధాంతముగా చెప్పుకొనుచున్నారు. వినుటకు సంతోషముగనే యున్నది. కాని ఆచరణలో జరుగుచున్నదేమి? తాతలనాటి టేకు బీరువాను పాతసామానుల వర్తకునకు కారుచౌకగా ఇచ్చివేయుదురు. దానికి నాలుగింతలు వెలపెట్టి తెల్లని అరల బల్లను కొనితెచ్చి, "ఇల్లు తేలికయైనది" అందురు. తేలికయైనది ఇల్లు కాదు, జేబు. వస్తువులను పారవేయుట వేరు, ధనమును నిలుపుకొనుట వేరు. మొదటిది చేసినంతనే రెండవది సిద్ధించునని తలచుట భ్రమ.

దీనికి పూర్తిగా ఎదురైన వాదము పెద్దలలో కలదు. "మనము ఇతర భాషలవారి నడుమ ఉన్నవారము. ఘనముగా చేయకున్నచో నలుగురిలో చులకనయగుదుము. మన పరువు మన పెండ్లిపందిట తెలియవలెను" అని వారి మాట. ఈ వాదమే మన కుటుంబములకు మొదటి వాదముకంటె ఎక్కువ కీడు చేయుచున్నది. కనుక ముందుగా దీనికే సమాధానము చెప్పదలచితిమి.

తమిళదేశమున మన పూర్వులు స్థిరపడి శతాబ్దములు గడచినవి. కొందరు నాయకరాజుల సైన్యములతో వచ్చిరి. కొందరు నల్లరేగడి నేలలు సాగుచేయుటకు వచ్చిరి. కొందరు మగ్గములతో వచ్చిరి. కడపటివారు రైల్వేలలోను కచేరీలలోను గుమాస్తా పనులకు వచ్చిరి. ఘనతయే నిలుపునదైనచో మన మధురానగరమున తిరుమల నాయకుని మహలును మించిన ఘనత మనకు వేరొకటి లేదు. 1623 మొదలు 1659 వరకు పాలించిన ఆ ప్రభువు కట్టించిన భవనములో నేడు మిగిలియున్నది కొంతభాగము మాత్రమే. ఆయన మనుమడు చొక్కనాథ నాయకుని కాలముననే అందలి సామగ్రి చాలవరకు తిరుచిరాపల్లికి తరలిపోయెనని చరిత్ర చెప్పుచున్నది. అదే కావేరీతీరమున, తిరువయ్యారులో, 1767 మొదలు 1847 వరకు జీవించిన త్యాగరాజస్వామి ఉంఛవృత్తితో కాలము గడపిరి. రాజసన్మానమును కాదన్నారని ప్రతీతి. వారి తెలుగు కృతులను నేటికిని తమిళులు, కన్నడిగులు, మలయాళీలు అందరును పాడుచున్నారు. తెలుగువారిని గూర్చి ఈ దేశమున గౌరవము నిలిపినది మహలా, తంబురయా? పాఠకులే చెప్పవలెను.

మరియొక సంగతి. 1921 సెప్టెంబరు 22వ తేదీన గాంధీమహాత్ముడు టోపీని, అంగీని విడిచి, కొల్లాయి గట్టినది ఈ మధురలోనే. అది మొదలు ఆయనను చులకన చేసినవారెవరు? నిరాడంబరత వలన పరువు పోవునని ఈ ఊరివారే చెప్పుట విడ్డూరము.

మనమందరము ఉంఛవృత్తికి దిగవలెననిగాని, కొల్లాయి గట్టవలెననిగాని మా యభిప్రాయము కాదు. గృహస్థునకు బిడ్డల చదువు, వైద్యము, వార్ధక్యము అను మూడు భారములు కలవు. ఆ భారములకు కావలసిన సొమ్ము ఎచటికి పోవుచున్నదో చూపుటయే మా పని. గుమాస్తాగిరిలో తలనెరసిన మాకు జమాఖర్చులు వ్రాయుట తప్ప వేరు విద్య తెలియదు. కనుక ఆ భాషలోనే మాట్లాడుదుము.

మధ్యతరగతి యిల్లాలు కూరగాయల బేరములో రెండు రూపాయలు తగ్గించుటకు పావుగంట నిలబడును. అదే యింట పెండ్లికి అయిదు లక్షలు అప్పు తెచ్చుటకు పావుగంటయు ఆలోచింపరు. నూటికి నెలకు ఒకటిన్నర రూపాయి వడ్డీయైనచో ఆ అప్పుపై నెలకు 7,500 రూపాయలు, ఏడాదికి 90,000 రూపాయలు వడ్డీ. అసలు తీర్చనిచో అయిదేండ్లకు వడ్డీయే నాలుగున్నర లక్షలు. పందిరి ఒక్కపూటలో విప్పివేయుదురు. వడ్డీ మాత్రము మనుమని బారసాలవరకు వెంటవచ్చును. గోరుతో పోగుచేసి గంపతో పారబోయుట యనగా ఇదియే.

ఇక సారె సామానులు. కూతునకు పంపిన ఎవర్‌సిల్వరు గంగాళములు, బిందెలు, డజనుల కొలది పళ్లెములు ఏమగుచున్నవి? అత్తవారి అటక యెక్కుచున్నవి. ఇద్దరు మనుష్యులు రెండు గదుల యింట కాపురముండగా నలుబదిమందికి వండు పాత్రలెందులకు? అది బిడ్డకు ఇచ్చిన ఆస్తి కాదు, అటకకు ఇచ్చిన కట్నము. కట్నమనగా జ్ఞప్తికి వచ్చినది: 1961లోనే దానిని నిషేధించు చట్టము వచ్చినను, కానుకయను పేరుతో అది మన యిండ్లలో నిరాటంకముగా నడచుచున్నది.

చదివింపుల సంగతి చెప్పనక్కరలేదు. ఈ ప్రాంతపు మొయి ఆచారము మొదట మంచిదే. శుభకార్యము చేయువానికి పదిమంది చేయూతనిచ్చుటకు పుట్టినది. నేడో, ఇచ్చినవారి పేరును, మొత్తమును మైకులో చదువుచున్నారు. అయిదువందలు ఇచ్చినవాడు తలవంచుకొనుచున్నాడు. వేయి ఇచ్చినవాడు తన యింటి కార్యమున రెండువేలు రావలెనని నోటుపుస్తకములో వ్రాసికొనుచున్నాడు. సాయము కాస్త పోటీయైనది.

పడుచువారి జబ్బు వేరు. వారు వడ్డీవ్యాపారి గుమ్మము తొక్కరు. చేతిలోని ఫోనే వారి వడ్డీవ్యాపారి. "వడ్డీలేని వాయిదాలు" అన్న ప్రకటన చూచినంతనే పాతది బాగుగ పనిచేయుచుండగనే క్రొత్తది కొందురు. వడ్డీ లేకుండ అప్పిచ్చు వర్తకుడెవడు? ఇట్టి పథకములలో వడ్డీని రుసుముల రూపమున మరుగుపరచుచున్నారని 2013లో భారత రిజర్వు బ్యాంకే చెప్పినది. ఇక క్రెడిట్ కార్డుపై బాకీ నిలిచినచో, నెలకు నూటికి మూడు చొప్పున వేసినను, చక్రవడ్డీతో ఏడాదికి నూటికి నలుబదిరెండు దాటును. మన తాతలు కాబూలీవానిని చూచి దాగికొనిరి. మనుమలు అతనిని జేబులో పెట్టుకొని తిరుగుచున్నారు.

అయినచో మార్గమేమి? ఖర్చు తగ్గించినంతనే పొదుపు కాదని పైన చెప్పితిమి. ఒక వస్తువు కొనకుండ మిగిల్చిన రూపాయి చేతిలోనే యున్నచో సాయంకాలమునకు వేరొక వస్తువగును. ఉద్యోగములలో చేసినవారికి ఒక రహస్యము తెలియును. మమ్ములను వార్ధక్యమున కాపాడినది మా నిగ్రహము కాదు, జీతము చేతికి రాకముందే మినహాయింపబడిన ప్రావిడెంటు ఫండు. కనుక ఒకటవ తేదీననే పొదుపు భాగమును వేరుచేసి, మిగిలినదానితో సంసారము నడపవలెను. ఖర్చు చేయగా మిగిలినది దాచుదుమనువారికి ఎన్నడును మిగులదు. తపాలా కార్యాలయపు సేవింగ్సు బ్యాంకు ఈ దేశమున 1882 నుండి కలదు. సామాన్యునకు తావు లేదనుటకు వీలులేదు. నెలకు వేయి రూపాయల చొప్పున పదునైదేండ్లు వేసినచో మనము కట్టినది 1,80,000 రూపాయలు. నూటికి ఏడు వడ్డీ దొరకినచో అది మూడు లక్షలు దాటును. వేయి రూపాయలనగా నేడు రెండు వాయిదాల మాట.

"ఇది పిసినిగొట్టుతనము" అని కొందరందురు. రెండింటికిని భేదము స్పష్టము. పిసినారి వైద్యుని రుసుము తగ్గించును, బిడ్డ పుస్తకములు తగ్గించును, అతిథి విస్తరిలో అన్నము తగ్గించును. పొదుపరి ఈ మూడింటిని ముట్టడు. మైకు, పూలతోరణము, అటకమీది బిందె వీనిని తగ్గించును. "ఆర్భాటము లేనిదే మంచి సంబంధములు రావు" అని మరికొందరందురు. మండపమును చూచి వచ్చు సంబంధము వేరొక పెద్ద మండపమును చూచిన నాడు చింతించును. అట్టిది రాకుండుటయే మేలు.

ఇందు మన భాష సంగతియు ఇమిడియున్నది. 2006లో ఈ రాష్ట్రమున తమిళమును నిర్బంధ పాఠ్యభాషగా చేసిన చట్టము వచ్చినది మొదలు, బడులలో తెలుగు చదువుకొను అవకాశము కుంచించుకొనిపోయినది. ఇంట తెలుగు మాట్లాడు బిడ్డలకు తెలుగు అక్షరములు రావు. వారికి సాయంకాలపు తరగతి నడపుటకు ఉపాధ్యాయుని పెట్టుడనగా, "నిధులు లేవు" అని మనవారే అందురు. నెలకు అయిదువేలిచ్చినచో, ఒక్క పెండ్లిలో రెండు లక్షల పూలఅలంకారపు ఖర్చుతో నలుబది నెలలు తరగతి నడచును. సాయంకాలమునకు వాడిపోవు పూవులకు ఉన్న నిధులు, మూడు సంవత్సరములకు పైగా సాగు చదువునకు లేకపోయినవా? తెలుగువారి పరువని కేకలు వేయువారు, మనుమడు తెలుగు శుభలేఖ చదువలేకుండుట పరువుతక్కువగా ఎంచరేల?

కావున మన సంఘము రాబోవు సర్వసభ్య సమావేశమున నాలుగు విషయములను తీర్మానింపవలెనని కోరుచున్నాము. సంఘమునకు ఉమ్మడిగా వంటపాత్రలు కొని, శుభకార్యములకు సభ్యులకు స్వల్ప రుసుముపై ఇయ్యవలెను. ఒక సెట్టు గంగాళములు నూరు కుటుంబములకు చాలును. చదివింపుల మొత్తములను మైకులో చదువుట మానవలెను. పెండ్లి విందు ఒక్కపూటతో ముగింపవలెను. అట్లు మిగిల్చినదానిలో నూటికి ఒక రూపాయి తెలుగు తరగతికి ఇయ్యవలెను.

తీర్మానము వ్రాయుట సులభమనియు, మొదట ఎవరు పాటింతురన్నదే చిక్కనియు మాకు తెలియును. కలిగినవారే మొదట పాటింపవలెను. లేనివాడు పొదుపుగా చేసిన నలుగురు జాలిపడుదురు; కలిగినవాడు చేసిన నలుగురు అనుసరింతురు. ఇంతకాలము ఆ నలుగురి కొరకు అప్పు చేసితిమి. ఇకనైన వారి బిడ్డల కొరకు, మన బిడ్డల కొరకు కొంత మిగిల్చుదము.