కారవాన్ ఆపడానికి చోటేదండీ?

కోనసీమను చూడాలంటే కారవాన్‌లోనే చూడాలట. ఇక్కడ హోటళ్లు తక్కువ కాబట్టి మంచం, వంటిల్లు, బాత్‌రూమ్ వెంట తెచ్చుకుని, పచ్చగా కనిపించిన చోటల్లా ఆగి పడుకోవచ్చట. ఆ ఆగే చోటు ఎక్కడుందో మాత్రం ఎవరూ చెప్పరు.

అడవి పచ్చన వేరు, మా పచ్చన వేరు. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయి, కాలువలు పారితే వచ్చిన పచ్చన ఇది. కంటికి ఇంపుగా కనిపించే ప్రతి సెంటుకీ ఒక పాసుపుస్తకం ఉంది. వరి చేను, గట్టున కొబ్బరి, కొబ్బరి కింద అరటో కందో. అవి అయిపోతే ఇల్లు, ఇల్లు దాటితే చెరువు. రోడ్డంటారా, చాలా ఊళ్లలో కాలువ గట్టే రోడ్డు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు పండే చేలల్లోంచి తొక్కుకుంటూ పోతాయి, రైతు నోరెత్తడు. అది దేవుడికి ఏడాదికోసారి ఇచ్చే దారి. టూరిస్టుకి రోజూ ఇవ్వమంటే ఎలా?

కేరళవాళ్లకి ఈ సంగతి తెలుసు. 2021లో కారవాన్ విధానం తెచ్చినప్పుడే, బండ్లు ఆపడానికి పార్కులు కావాలన్నారు. ఒక్కో పార్కుకి కనీసం 50 సెంట్లు. మా లెక్కలో అర ఎకరమంటే ముప్పై పైచిలుకు కొబ్బరి చెట్లు. పైగా పార్కులోనే ఆగాలన్నాక ఇక నచ్చిన చోట ఆగడమేముంది? అది చక్రాలున్న లాడ్జి గది.

మొన్న సంక్రాంతికి మా పిన్ని కొడుకు హైదరాబాద్ నుంచి అద్దె కారవాన్‌లో దిగాడు. 216 జాతీయ రహదారి మీద రాజాలా వచ్చాడు. మా గట్టు ఎక్కాక మొదలైంది. ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క బోదె. చివరికి ట్రాలీతో సహా ట్రాక్టరే వెనక్కి నడిచింది. పైగా దాని డ్రైవరే "పర్లేదండి" అన్నాడు. ఊళ్లోకొచ్చాక కేబుల్ తీగలు పైకెత్తుతూ ఇద్దరు కుర్రాళ్లు వెదురుగెడలతో బండి ముందు నడిచారు, ఊరేగింపులాగా. బండిని మా కళ్లంలో పెట్టించాం. రాత్రంతా జనరేటరు హోరు. తెల్లారగానే పక్కింటి మామ్మగారు వచ్చి, "ఇంత ఇల్లుండగా పిల్లాణ్ణి బండిలో పడుకోబెట్టారేంటే?" అని మా అమ్మని నిలదీసింది.

మూడో రోజుకి మరుగుదొడ్డి ట్యాంకు నిండింది. అద్దెకిచ్చినవాళ్లకి ఫోన్ చేస్తే, "ఊరి బయట ఎక్కడైనా వదిలేయండి" అన్నారు. కోనసీమలో ఊరి బయట అంటే ఇంకో ఊరు! పోనీ కాలువలో వదులుదామంటే, వేసవిలో కాలువలు కట్టేసేముందు మంచినీళ్ల చెరువులు నింపుకునేది ఆ నీళ్లతోనే. చివరికి అమలాపురం నుంచి సెప్టిక్ ట్యాంకు బండిని పిలిపించాం. ఆ డ్రైవరు నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఒక్క విషయంలో కారవాన్ కావాలనేవాళ్ల మాట కాదనలేను. దూరప్రయాణంలో ఆడవాళ్లకీ పెద్దవాళ్లకీ బాత్‌రూమ్ పెద్ద బాధ. దానికి రోడ్డు పక్కన శుభ్రమైన మరుగుదొడ్లు కట్టాలి గానీ, ప్రతి కుటుంబం ఒకటి లాక్కుని తిరగడమేంటి?

ఊళ్లకి డబ్బొస్తుందనే వాదన మరీ విచిత్రం. మావాడి ఫ్రిజ్ నిండా హైదరాబాద్ సామానే. ఉన్న నాలుగు రోజుల్లో ఇక్కడ ఖర్చుపెట్టింది ఆత్రేయపురం పూతరేకుల మీదే. నరసాపురం వెళ్దామని సఖినేటిపల్లి రేవుకి తీసుకెళ్తే, గోదారి దాటించే పంటువాళ్లు బండి వంక చూసి చేతులు అడ్డంగా ఊపారు. బండిని రేవులోనే వదిలేసి మనిషి ఒక్కడే పంటెక్కాడు. గోదారి గాలి మొహాన కొట్టిందీ, అవతలి ఒడ్డున టిఫిన్ తిని ఇంకో నాలుగు రూపాయలు ఖర్చుపెట్టిందీ అప్పుడే.

కారవాన్లకి రాయితీలివ్వాలనేవాళ్లు ఒక్కసారి మా వీధిలోకి రండి. మూడు మండువా లోగిళ్లున్నాయి. పిల్లలు అమెరికాలో, తాళంచెవులు ఎదురింటి మేకుకి. మండువాలో పడే వానచినుకు చూస్తూ పడుకోవచ్చు, వంటకి మనిషి దొరుకుతుంది, పెరట్లో బావి ఉంది. బూజు దులిపి సున్నం కొట్టడానికి పదిరోజులు చాలు.