మొదటి కంప్యూటరు – మన చేతులతో

ఛందస్సు, వ్యాకరణం బోధించే మాకు మదర్‌బోర్డుతో పనేమని మిత్రులు నవ్వవచ్చును. ఈ సంచికలోని తెలుగు విభాగం మేము స్వయంగా కూర్చుకొన్న కంప్యూటరు మీదనే అక్షరరూపం ధరించినది గనుక ఈ నాలుగు మాటలు వ్రాసే సాహసం చేస్తున్నాము.

మన నగరానికి కంప్యూటరు కొత్తది కాదు. 1967లో ఇక్కడ స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి. అనే పేరుతో కంప్యూటర్లను నిర్మించినది. ఛత్తా బజారులో ఒకనాడు కాతిబుల కలాలు వ్రాసిన పెండ్లి పత్రికలను నేడు చాలవరకు కంప్యూటర్లే కూర్చుతున్నవి. అయినను మన విద్యార్థులలో ఆ పెట్టె మూత విప్పి చూచినవారు అరుదు. యంత్రాన్ని వాడడం నేర్పుతున్నాము గాని విప్పడం నేర్పడం లేదు. ఇది లోపమేనని మా అభిప్రాయం.

నిరుడు మా విద్యార్థి ఒకడు, ఇంటివద్ద గాజులకు రాళ్ళు అతికే తల్లి ఎత్తిన చీటీ సొమ్ముతో, ఒక దుకాణంలో కంప్యూటరు కూర్పించుకొన్నాడు. బిల్లు వద్దంటే ధర తగ్గుతుందన్నారట. తగ్గినది. రెండు నెలల తరువాత ఒక సాయంత్రం, పోయిన కరెంటు తిరిగి వచ్చిన క్షణాన టప్పుమని చప్పుడు, మాడు వాసన. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్.ఎం.పి.ఎస్. తాను కాలిపోవడమే గాక మదర్‌బోర్డును కూడ కాల్చినది. బిల్లు లేదు గనుక దుకాణదారు ఆ పిల్లవాణ్ణి ఎరుగనన్నాడు. చీటీ వాయిదాలు మాత్రం ఇంకను నడుస్తున్నవి.

అందుచేత మా మొదటి మాట ఎస్.ఎం.పి.ఎస్.ను గురించియే. గోడలోని 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగాలకు అందించేది అదే. రంగురంగుల దీపాల ఫ్యాన్లకు వెచ్చించే సొమ్ము దీనిపై వెచ్చించవలెను. మన పాత ఇండ్లలో ప్లగ్గుకు మూడవ రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్తింగు ఉన్నట్లు కాదు. ఎలక్ట్రీషియనుతో పరీక్ష చేయించవలెను.

ఇక భాగాల పొత్తు. ఏ ప్రాసెసరైనా ఏ బోర్డుకైనా అమరదు. ఎ.ఎమ్.డి. వారి ఎ.ఎమ్.4 ప్రాసెసరు 2022లో వచ్చిన ఎ.ఎమ్.5 సాకెట్టులో కూర్చోదు. డి.డి.ఆర్. 4 ర్యాము గాడి వేరు, డి.డి.ఆర్. 5 గాడి వేరు. సంధి లేని చోట సంధి చేసిన విద్యార్థికి మేము మార్కులే తగ్గిస్తాము. ఇక్కడ బలవంతం చేస్తే వేల రూపాయలు పోతాయి. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోకముందే జాబితా వ్రాసుకొని తెలిసినవారికి చూపవలెను. అంగడిలో నిలబడి ఆలోచించేవాని తరఫున అమ్మేవాడే ఆలోచిస్తాడు. బిల్లు మీది సీరియల్ నంబరు పెట్టె మీది నంబరుతో సరిపోయినదో లేదో అక్కడనే చూడవలెను.

కూర్చే పని తివాచీ మీద గాక చెక్కబల్ల మీద జరుగవలెను. ముందుగా క్యాబినెట్ ఇనుమును తాకి ఒంటిలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకోవలెను. ప్రాసెసరు మూలనున్న త్రిభుజపు గుర్తును సాకెట్టు గుర్తుతో కలిపి, నొక్కకుండ, దానంతట అది దిగనీయవలెను. పేస్టు శనగగింజంత చాలును. కూలరు అడుగున ఉండే ప్లాస్టిక్ పొరను తీయడం మరువరాదు. (మేము మరచితిమి; కొద్దిసేపటికే యంత్రం వేడెక్కి ఆగిపోయినది.) తొలిసారి తెర వెలుగకపోతే బెదరవద్దు. డి.డి.ఆర్. 5 ర్యాము తన్ను తాను సరిచూచుకొనుటకు ఒక్కొక్కసారి కొన్ని నిమిషాలు పట్టును. అప్పటికిని రాకపోతే ర్యాము తీసి, రెండు వైపుల పట్టు పడేవరకు మరల అమర్చవలెను.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. స్టోరు గదిలో పాత కంప్యూటర్లు మూడు దుమ్ము పట్టి ఉన్నవి. అవి పాడైనను నష్టం లేదు. పిల్లలు భయం లేకుండ విప్పి బిగించవచ్చును. ఎర్తింగు గల ఒక చిన్న గది, ఒక బల్ల, రెండు స్క్రూడ్రైవర్లు ఇప్పిస్తే శనివారం మధ్యాహ్నాలు మేము కూర్చొంటాము. వాటిని వేలం వేయకముందే ఈ సంగతి ఆలోచించవలెనని కోరుతున్నాము.