నీలిరంగును ఎంతవరకు నమ్మాలి?

గుక్కపట్టి ఏడ్చిన పిల్లవాడి పెదవులు నీలబడితే నాయనమ్మ మొహాన నీళ్లు చల్లి, "ఏం కాదమ్మా, చిన్నప్పుడు వీడి నాన్నా ఇంతే" అంటుంది. తల్లి మాత్రం ఆటో పిలవమంటుంది. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లల్లో కొందరికి ఏడుపుతో ఊపిరి బిగుసుకుపోవడం మామూలే, కొన్ని కుటుంబాల్లో అది వారసత్వంగా వస్తుంది కూడా. చాలామందిలో వయసుతోపాటు పోతుంది. ఐరన్ లోపం దానికి తోడవుతుంటుంది కాబట్టి రక్తపరీక్ష చేయించడం మంచిదే. అయితే అదే నీలం ఏడుపు లేకుండా, పాలు తాగుతుండగా కనిపిస్తే నాయనమ్మ ధైర్యం పనికిరాదు. రంగు ఒకటే అయినా అది వచ్చిన సందర్భం వేరు.

ఆక్సిజన్ నిండిన హిమోగ్లోబిన్ ఎర్రగా ఉంటుంది. ఆక్సిజన్ వదిలేసినది ముదురు రంగుకు తిరుగుతుంది. చర్మం కింది సన్నని రక్తనాళాల్లో ఈ రెండో రకం డెసిలీటరుకు సుమారు 5 గ్రాములకు చేరితే నీలం కంటికి ఆనుతుంది. దీన్ని చూడటానికి పైసా ఖర్చు లేదు, చదువు కూడా అక్కర్లేదు. చలికి వేళ్లు మాత్రమే నీలబడితే అక్కడ రక్తప్రసారం మందగించిందని అర్థం, వెచ్చబడితే సర్దుకుంటుంది. పుట్టిన మొదటి ఒకటి రెండు రోజుల్లో శిశువు అరచేతులు, అరికాళ్లు నీలంగా ఉన్నా సాధారణంగా కంగారు పడక్కర్లేదు. నాలుక, నోటి లోపలి భాగం నీలబడితే మాత్రం గుండెనో ఊపిరితిత్తులనో అనుమానించాలి. చామనఛాయ, నలుపు ఎక్కువగా ఉన్న మనలాంటి వాళ్లలో పెదవుల రంగు మోసం చేయవచ్చు గానీ, నాలుక అంతగా చేయదు.

కానీ ఈ లెక్కలో ఒక చిక్కుంది. నీలం కనబడేది ఆక్సిజన్ ఎంత శాతం తగ్గిందన్న దాన్ని బట్టి కాదు, ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ ఎంత ఉందన్న దాన్ని బట్టి. రక్తమే తక్కువగా ఉన్న మనిషిలో ఆ 5 గ్రాములు పోగవడం కష్టం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. తీవ్రమైన రక్తహీనత ఉన్న స్త్రీకి న్యుమోనియా వస్తే, నీలబడకముందే ప్రాణం మీదికి రావచ్చు. అంటే ఎవరికి ఈ గుర్తు ఎక్కువ అవసరమో వాళ్లలోనే అది ఆలస్యంగా కనిపిస్తుంది.

పాముకాటు విషయంలోనూ ఇంతే. విషమే ఒళ్లంతా పాకి నీలం చేస్తుందని పల్లెల్లో ఇప్పటికీ నమ్ముతారు. నాగుపాము, కట్లపాము విషం ఊపిరి తీసుకునే కండరాలను చచ్చుబడేలా చేస్తుంది, ఆ నీలం ఆక్సిజన్ అందకపోవడం వల్ల వచ్చేది. ఈ నమ్మకం వల్ల జనం నీలాన్ని తేలిగ్గా తీసుకోరు, అది మేలే. నీలం రాలేదు కదా అని ఇంట్లోనే ఉండిపోతే మాత్రం అదే నమ్మకం చేటు చేస్తుంది. కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం నీలం కంటే ముందే మొదలవుతాయి. వాటి కోసం కూడా ఆగకుండా, కాటు పడిందన్న అనుమానంతోనే బయలుదేరాలి.

కంటికి ఇన్ని పరిమితులుంటే యంత్రాన్నే నమ్ముకోవచ్చు కదా? 1974లో జపాన్ ఇంజినీరు తకువో అయొయాగి రూపుదిద్దిన సూత్రం మీద పల్స్ ఆక్సీమీటర్ పనిచేస్తుంది. 2020, 2021లలో అది థర్మామీటరుతోపాటు మన ఇళ్లలోకి వచ్చింది. ఆయాసం లేకుండానే ఆక్సిజన్ పడిపోయిన కోవిడ్ రోగులెందరినో అది ముందుగా పట్టిచ్చింది. ఆ మేలును తక్కువ చేయలేం. అయితే 2020లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, యంత్రం 92 నుంచి 96 చూపించిన రోగుల ధమని రక్తాన్ని పరీక్షిస్తే, నల్లజాతివారిలో 11.7 శాతం మందికి, తెల్లవారిలో 3.6 శాతం మందికి అసలు ఆక్సిజన్ 88 కంటే తక్కువ ఉంది. ఆ అంకెలను మనకు యథాతథంగా అన్వయించలేం గానీ, చర్మపు రంగు అడ్డుపడుతుందన్న హెచ్చరికను పక్కన పెట్టనూ లేం.

యంత్రం తడబడి, కన్ను గెలిచే చోటు కూడా ఒకటుంది. కుష్ఠువ్యాధికి వాడే డాప్సోన్ లాంటి మందులవల్ల కొందరిలో హిమోగ్లోబిన్ మెథెమోగ్లోబిన్‌గా మారుతుంది. అది డెసిలీటరుకు ఒకటిన్నర గ్రాములున్నా మనిషి నీలబడతాడు. అది బాగా పెరిగాక యంత్రం 85 దగ్గరే ఆగిపోతుంది, ఆక్సిజన్ పెట్టినా అంకె కదలదు. తీసిన రక్తం చాక్లెట్ రంగులో ఉంటే అనుభవమున్న నర్సు ఇట్టే పసిగడుతుంది. నైట్రేట్ ఎక్కువున్న బావినీళ్లతో పాలపొడి కలిపితే పసిపిల్లలకూ ఇదే జరగవచ్చని 1945లో అయోవా వైద్యుడు హంటర్ కామ్లీ రాశారు. తాగునీటిలో నైట్రేట్‌కు మన దేశంలో పెట్టిన హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు, తెలుగు జిల్లాల్లో చాలాచోట్ల బోరునీరు దాన్ని దాటుతోంది. మరగబెడితే క్రిములు చస్తాయి గానీ, నైట్రేట్ ఇంకాస్త చిక్కబడుతుంది.

నవజాత శిశువుల దగ్గర ఈ తర్జనభర్జన మరీ బరువైనది. కొన్ని గుండె లోపాలున్న బిడ్డలు పుట్టినప్పుడు చక్కగానే ఉంటారు, గర్భంలో తెరిచి ఉన్న నాళం మూసుకుపోయాక ఇంటి దగ్గర నీలబడతారు. అందుకే కుడిచేతికి, ఒక కాలికి ఆక్సీమీటర్ పెట్టి చూడమని 2011లో అమెరికా సిఫారసు చేసింది. దాన్ని ఇక్కడ ప్రతి ప్రసూతి ఆసుపత్రిలో తప్పనిసరి చేయాలనేవారి వాదన బలమైనదే. కాదనేవారూ మూర్ఖులు కారు. 24 గంటల లోపు చూస్తే ఆరోగ్యవంతులైన బిడ్డలూ అనుమానితులవుతారు, ఎకో పరీక్ష కోసం బాలింత పచ్చి ఒంటితో నగరానికి ప్రయాణం కట్టాలి. పైగా బృహద్ధమని సన్నబడిన లోపం లాంటివి ఈ పరీక్షకు చిక్కకపోవచ్చు. లోపం తేలాక ఆపరేషన్‌కు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆసరా ఉంది, అది తేలేదాకా అయ్యే తిప్పలు కుటుంబానివే.

నాకైతే పరీక్ష ఉండాలనే అనిపిస్తుంది, కానీ కొన్ని షరతులతో. మొదటి 24 గంటలు దాటాక చూడాలి. 90 కంటే తక్కువ వస్తే వెంటనే కదలాలి. 90, 94 మధ్య ఉంటే గంట ఆగి మళ్లీ చూడాలి, మూడోసారీ అంతే ఉంటే పంపించాలి. ఏ ఊరికి, ఏ బండిలో పంపాలన్నది పరికరం కొనకముందే ఆ ఆసుపత్రి తేల్చుకోవాలి. అంకె బాగుందని ఇంటికి పంపే తల్లికి కూడా, బిడ్డ పాలు తాగుతూ అలసిపోయినా, చెమటలు పట్టినా, నాలుక నీలబడినా తిరిగి రమ్మని చెప్పాలి.