తలతిరుగుడుకు మాత్రలేనా?

తల తిరుగుచున్నదని పెద్దవారు చెప్పుకొన్నచో ఇంటివారు పైత్యమందురు. ఆస్పత్రిలో మాత్రలు వ్రాసి పంపుదురు. ఇచ్చట బరంపురంలో నాకు ఏడాదిపాటు జరిగినది ఇదే. ప్రోక్లోర్‌పెరజైను వంటి మాత్రలు నాలుగు రోజులు వాంతిని అణచుటకు మంచివే. నెలల తరబడి మ్రింగినచో మెదడు తిరిగి నిలకడ నేర్చుకొనుటకు అవే అడ్డము వచ్చును.

మనిషి నిలుచుటకు కన్ను, లోపలి చెవి, పాదములు, కీళ్లు మెదడునకు కబురు చెప్పుచుండవలెను. చెవి చెడినప్పుడు రోగి కన్నునే నమ్ముకొని, మెడ బిగించి, కట్టెవలె నడచును. రాత్రి దీపము ఆరినదా, స్నానాల గదిలో పడును. తుంటి విరిగిన పిమ్మట తలతిరుగుడు సంగతి ఎవరికి గుర్తుండును?

దీనికి వ్యాయామములు కొత్తవి కావు. 1940ల దశకములోనే ఇంగ్లండులో చెవి వైద్యుడు కాథోర్న్, కుక్సీతో కలసి ఏర్పరచినాడు. మొదట కన్నులు, పిదప తల త్రిప్పుట, లేచి కూర్చొనుట, కడకు తోడు మనిషి ఉండగా కన్నులు మూసి నడచుట. తొలుత తిరుగుడు హెచ్చును, జడిసి మానరాదు. పక్కమీద ఒత్తిగిలినపుడు నిమిషములోపు తిరిగి ఆగు రకమునకు 1992లో ఎప్లీ ప్రకటించిన తల త్రిప్పు పద్ధతి తరచు ఒకటి రెండు సార్లతో గుణమిచ్చును. (మాట తడబడినా, చేయి పడిపోయినా అది వేరు, తక్షణము ఆస్పత్రికి పోవలెను.)

ప్రభుత్వ ఆస్పత్రులలో చెవి వైద్యుని గది ప్రక్కనే ఇవి చేయించి చూపు మనిషి ఒకరుండవలెను. ఆ వరుసను ఒడియాతోపాటు తెలుగులోను అచ్చువేసి ఇచ్చినచో, ఒడియా చదువ నేరని మా వీధుల ముసలమ్మలు కూడ ఇంటివద్ద చేసికొందురు.

ఇట్లు,
ఒక రిటైర్డు గుమాస్తా,
బరంపురం, ఒడిశా.